ప్రభుత్వం తప్పుకుంటే మనకు మిగిలేదేమిటి?

2024 మే నెలలో చేవెళ్ల లోక్‌సభ స్థానానికి జరిగిన ఎన్నికలో మూడు ప్రధాన పార్టీల అభ్యర్థులూ పార్టీ మారినవారే. భారతీయ జనతా పార్టీ తరఫున గెలిచిన కొండా విశ్వేశ్వర్ రెడ్డి 2014లో ఇదే స్థానంలో టీఆర్ఎస్ తరఫున గెలిచారు, 2019లో కాంగ్రెస్ తరఫున ఓడారు. 2024లో కాంగ్రెస్ తరఫున ఓడిన రంజిత్ రెడ్డి 2019లో టీఆర్ఎస్ టికెట్టు మీద గెలిచినవారు. బీఆర్ఎస్ నిలబెట్టిన కాసాని జ్ఞానేశ్వర్ అంతకు ముందటి సంవత్సరం వరకు తెలంగాణ తెలుగుదేశం అధ్యక్షులు. వికారాబాద్, తాండూరు ఓటర్లు ఓటింగు యంత్రం మీద చూసిన గుర్తులు వేరు. వాటి వెనుక తిరుగుతున్న మనుషులు మాత్రం వారే.

శాసనసభ సంగతీ అంతే. 2018లో తాండూరు ప్రజలు కాంగ్రెస్ అభ్యర్థి రోహిత్ రెడ్డిని గెలిపిస్తే, ఏడాది తిరగకుండానే ఆయన మరి 11 మందితో కలిసి టీఆర్ఎస్‌లో చేరారు. ఆ పన్నెండుగురి చేరికకు 2019 జూన్‌లో విలీనమనే గౌరవప్రదమైన పేరు పెట్టారు. ఇప్పుడు ప్రవాహం తిరగబడింది. బీఆర్ఎస్ టికెట్టుపై గెలిచి కాంగ్రెస్ పంచన చేరారన్న పదిమందిపై అనర్హత పిటిషన్లు స్పీకర్ ముందు నెలల తరబడి పడి ఉంటే, మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ వికారాబాద్ శాసనసభ్యులే.

రాతి గనుల సీమలో పుట్టిన ఓటరు "పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేం" అని విసుక్కుంటే తప్పు ఎవరిది?

ఈ విసుగులోంచి ఇప్పుడు ఒక కొత్త వాదం మొలకెత్తుతోంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన యువకుల్లోనూ, అనుమతులకూ జీఎస్టీకీ విసిగిన చిన్న వ్యాపారుల్లోనూ అది వినబడుతోంది. "ఏ పార్టీ అక్కరలేదు, ఏ పథకమూ అక్కరలేదు. ప్రభుత్వం మా జోలికి రాకపోతే చాలు. పన్ను తగ్గించండి, తప్పుకోండి." ఇంగ్లీషులో లిబర్టేరియనిజం అనే ఈ ఆలోచనను స్వేచ్ఛావాదం అని పిలుచుకుందాం. మనిషి ప్రాణం, ఆస్తి, ఒప్పందం కాపాడటం తప్ప ప్రభుత్వానికి మరో పని ఉండరాదన్నది దాని సారం. ఈ వాదంలో సగం మన హక్కు. మిగతా సగం మన మెడకు ఉరి. రెండింటినీ విడదీసి చూడకుండా దానిని నెత్తికెత్తుకోవడం ప్రమాదకరమని మేము భావిస్తున్నాము.

విడిచిన ఓటు ఎక్కడికి చేరింది?

ప్రధాన పార్టీని ఓటరు విడిచిపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1967లో తాండూరు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన మర్రి చెన్నారెడ్డి ఎన్నికను, ఓడిపోయిన వందేమాతరం రామచంద్రరావు పిటిషన్‌పై 1968లో హైకోర్టు రద్దు చేసింది. కేంద్ర మంత్రి పదవి పోగొట్టుకున్న చెన్నారెడ్డి, మరుసటి ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి నాయకులయ్యారు. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ఓటర్లు దేశమంతటా వీచిన ఇందిరా గాలికి ఎదురు నిలిచి, 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితికి కట్టబెట్టారు. అదే ఏడు సెప్టెంబరులో ఆ సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఓటరు విడిచిపెట్టిన పార్టీకే అతని ఓటు ఆరు నెలల్లో తిరిగి చేరింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

స్వేచ్ఛావాదానికి తెలుగునాట ఒక పాత చరిత్ర ఉంది. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేయగానే, భూమి చేజారుతుందన్న భయం పాలెగాని నుంచి పెద్దరైతు దాకా పాకింది. ఆ భయమే రాజాజీ నాయకత్వాన స్వతంత్ర పార్టీగా రూపుదిద్దుకుంది. దానికి తొలి అధ్యక్షులు మన ఆచార్య ఎన్.జి. రంగా. లైసెన్సుల, పర్మిట్ల రాజ్యం పోవాలన్న నినాదంతో ఆ పార్టీ 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానాలు, 1967లో 29 స్థానాలు గెలుచుకుంది. 1967లో లోక్‌సభలో 44 స్థానాలతో అతి పెద్ద ప్రతిపక్షమైంది. 1971లో ఎనిమిదికి పడిపోయింది. 1974లో లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా తిరిగి కాంగ్రెస్‌కే చేరారు.

న్యాయంగా చెప్పాలంటే, రాజాజీ అధికార కేంద్రీకరణను గూర్చి చేసిన హెచ్చరికల్లో చాలా భాగం నిజమైంది. అయితే ఆ పార్టీ జెండా మోసిన వారిలో జయపూర్ మహారాణి గాయత్రీ దేవి వంటి సంస్థానాధీశుల కుటుంబాలు, జమీందారులు, భూస్వాములు ముందు వరుసలో ఉన్నారు. వారు అడిగిన స్వేచ్ఛ, ఉన్న ఆస్తిని నిలుపుకొనే స్వేచ్ఛ. సెంటు భూమి లేని కూలీకి అందులో వాటా లేదు.

తరువాత 2006లో జయప్రకాశ్ నారాయణ్ లోక్‌సత్తాను పార్టీగా మార్చారు. అవినీతి లేని పాలన, స్థానిక సంస్థలకు అధికారం, మార్కెట్టుకు స్వేచ్ఛ కోరుతూ చదువుకున్న పట్టణ యువతను అది కదిలించింది. 2009లో గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే. 2014లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఆయనే ఓడిపోయారు. కనుక వికారాబాద్‌లోనూ తాండూరులోనూ స్వేచ్ఛావాదానికి ఈనాడు గుర్తు లేదు, జెండా లేదు, అభ్యర్థి లేడు. పోలింగు రోజున ఇంటి పట్టున ఉండిపోవడంగానో, నోటా మీట నొక్కడంగానో, 'మనకెందుకీ రాజకీయం' అనే మాటగానో అది బయటపడుతోంది. గుర్తు లేని ఈ వలస వల్ల నష్టపోయేది ప్రధాన పార్టీలు కావు, మనమే.

పార్టీలు ఎగవేసిన బాకీలు

ఈ నిరాశకు కారణాలు ఊహించుకోనవసరం లేదు. అధికారంలోకి వచ్చిన నాలుగు నెలల్లో ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ అని 2014లో కేసీఆర్ వాగ్దానం చేశారు. 2017 ఏప్రిల్‌లో శాసనసభ బిల్లు ఆమోదించి కేంద్రానికి పంపింది. అక్కడితో ఆ మాట ముగిసింది. కేంద్రం ఆమోదించదని ముందే తెలిసిన బిల్లు అది.

2023 నవంబరులో కాంగ్రెస్ మైనారిటీ డిక్లరేషన్ విడుదల చేసి, ఏటా 4,000 కోట్ల రూపాయలు కేటాయిస్తామన్నది. 2024-25లో కేటాయింపు 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు. కేటాయింపు ఒకటి, విడుదల మరొకటి అన్న సంగతి స్కాలర్‌షిప్పు కోసం తిరిగిన ప్రతి తండ్రికీ తెలుసు. 2023 డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో దాదాపు రెండేళ్ల పాటు ఒక్క ముస్లిం లేడు. జూబ్లీహిల్స్ ఉపఎన్నిక ముంగిట్లోకి వచ్చాక, 2025 అక్టోబరు 31న మహమ్మద్ అజారుద్దీన్ ప్రమాణ స్వీకారం చేశారు. మన ప్రాతినిధ్యం పోలింగు తేదీని బట్టి గుర్తుకొచ్చే వస్తువైపోయింది.

ఇక భారతీయ జనతా పార్టీ దాపరికం కూడా చూపలేదు. 2023 ఏప్రిల్ 23న ఇదే చేవెళ్లలో జరిగిన సభలో అమిత్ షా, తాము అధికారానికి వస్తే తెలంగాణలో ముస్లిం రిజర్వేషన్ రద్దు చేస్తామని ప్రకటించారు. మజ్లిస్ 2023లో పోటీ చేసిన తొమ్మిది స్థానాలూ హైదరాబాదు నగరం, దాని అంచు దాటలేదు. గెలిచిన ఏడుగురే శాసనసభలోని ముస్లిం సభ్యులు. తాండూరు ముస్లింకు అక్కడ పిలుపు లేదు. వికారాబాద్ స్థానం షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినది. దళిత సోదరుల ఆ హక్కును మేము గౌరవిస్తాము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ముస్లింలను ఎస్సీ జాబితా వెలుపల ఉంచినందువల్ల అక్కడ ముస్లిం అభ్యర్థిగా నిలబడే దారి లేదన్నది మాత్రం వాస్తవం. నిలబడే దారి లేక, నిలబెట్టే పార్టీ లేక, గెలిచినవారు నిలకడ లేక ఓటరు విసిగిపోయాడు. ఆ విసుగుకు మేము తప్పు పట్టము.

ఆ వాదంలో మనకు చెందిన సగం

ప్రభుత్వం చేయకూడని పనుల జాబితా రాయమంటే ఈ దేశపు ముస్లిం కంటే బాగా రాయగలవారు లేరు. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. నమాజుకు వెళ్లి ప్రాణాలు కోల్పోయినవారు మనవారే, అనుమానితులుగా పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టినదీ మన పిల్లలనే. వారు నిర్దోషులని తేలాక ప్రభుత్వం పరిహారం ఇవ్వవలసి వచ్చింది. పోలీసు అధికారానికి కళ్లెం వేయాలని స్వేచ్ఛావాది అంటే, దానికి మొదటి సాక్ష్యం మనమే చెప్పగలం.

వక్ఫ్‌ను చూడండి. ఒక మనిషి తన సొంత ఆస్తిని అల్లాహ్ పేరిట ధర్మానికి అంకితం చేస్తే అది వక్ఫ్. ప్రభుత్వం ఇచ్చినది కాదు, ప్రభుత్వం పుట్టకముందు నుంచీ ఉన్నది. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ చట్టం, వక్ఫ్ చేసే వ్యక్తి ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపాలన్నది. ఆస్తి ప్రభుత్వానిదా కాదా అన్న వివాదాన్ని ప్రభుత్వ అధికారే తేల్చాలన్నది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఈ రెండు అంశాలనూ నిలిపివేసింది. తక్కిన చట్టం నిలిచే ఉంది. మన ఆస్తిని మన ఇష్టప్రకారం దానం చేయడానికి ప్రభుత్వ అనుమతి ఎందుకు? ఆస్తిహక్కు పవిత్రమని నమ్మే ప్రతి స్వేచ్ఛావాదీ ఈ ప్రశ్న వేయాలి. ఎందరు వేశారు?

మన జిల్లాలోనే లగచర్లను చూడండి. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కొడంగల్‌లో, ఔషధ పరిశ్రమల కోసం భూసేకరణ తలపెట్టారు. 2024 నవంబరు 11న ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టరుపై దాడి జరిగింది. అధికారులపై దాడిని ఎవరూ సమర్థించరు. అయితే దాని తరువాత లంబాడా తండాలలో జరిగిన అరెస్టులను కూడా ఎవరూ సమర్థించలేరు. నెలాఖరులోగా ప్రభుత్వమే ఆ ఔషధ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. అడిగినప్పుడు వినని ప్రభుత్వం, జైళ్లు నిండాక విన్నది. ఇక్కడ రైతు పక్షాన నిలిచే స్వేచ్ఛావాదిని మేము ఆలింగనం చేసుకుంటాము.

మెడకు చుట్టుకునే సగం

ఇక రెండో సగం. స్వేచ్ఛావాదం బోధించే లోకంలో ఆస్తి ఉన్నవాడి ఇష్టమే చట్టం. తాండూరు నుంచి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిన మన యువకుడు అద్దె ఇల్లు అడుగుతాడు. పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదు' అన్న జవాబు వస్తుంది. అక్కడ అతని దారికి అడ్డు నిలిచినది ప్రభుత్వం కాదు, ఇంటి యజమాని. ఆ యజమానికి ఆ స్వేచ్ఛ ఉండాలన్నదే ఈ సిద్ధాంతం. బక్రీద్ దగ్గరపడగానే పశువుల లారీలను ఆపే గుంపులకూ ప్రభుత్వంతో సంబంధం లేదు. అక్కడ మనకు కావలసింది ప్రభుత్వం తప్పుకోవడమా, వచ్చి నిలబడటమా? ప్రాణరక్షణకు పోలీసు ఉండాలని స్వేచ్ఛావాదీ ఒప్పుకుంటాడు. కానీ ఇల్లు ఇవ్వననే యజమానినీ, ఉద్యోగం ఇవ్వననే కంపెనీనీ, సరుకు కొనవద్దనే బహిష్కరణ పిలుపునూ అడ్డుకునే చట్టం మాత్రం అతనికి అక్కరలేదు.

అమెరికాలో రాన్ పాల్ చరిత్ర ఇందుకు నిదర్శనం. 1988లో లిబర్టేరియన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలబడిన ఆయన, రిపబ్లికన్ సభ్యుడిగా 2001లో పేట్రియాట్ చట్టాన్ని వ్యతిరేకించారు. ముస్లింల ఇళ్లపై నిఘాకు తలుపులు తెరిచిన ఆ చట్టాన్ని సొంత పార్టీకి ఎదురు తిరిగి కాదన్నందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. అదే మనిషి 2004లో, నల్లజాతి వారికి హోటళ్లలో, ఉద్యోగాలలో సమానత్వం ఇచ్చిన 1964 నాటి పౌరహక్కుల చట్టానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా సభ అభినందన తెలిపితే, వ్యతిరేకంగా ఓటు వేసిన ఏకైక సభ్యుడు. రెండింటిలోనూ ఆయన సిద్ధాంతం ఒక్కటే. మొదటి ఓటు మనకు కావాలి. రెండో ఓటు మనల్ని ముంచుతుంది.

మన ఊళ్ల లెక్క వేద్దాం. 2007 చట్టం ద్వారా వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ స్వేచ్ఛావాద రాజ్యంలో ఉండదు. రాష్ట్రంలోని 204 మైనారిటీ గురుకులాలు ఉండవు. తాండూరులో నాపరాయి కోసి, పాలిష్ పట్టి, రాతి దుమ్ము పీల్చి బతికే కార్మికుడు తన కూతుర్ని ఏ ఫీజుతో చదివిస్తాడు? 2022లో కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఆపేసింది. ఎనిమిదో తరగతి లోపు మైనారిటీ పిల్లల స్కాలర్‌షిప్పును తీసేసింది. ప్రభుత్వం 'తప్పుకోవడం' అంటే ఏమిటో అప్పుడే రుచి చూశాము.

మార్కెట్టు స్వేచ్ఛ సంగతి తాండూరు కంది రైతును అడగండి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లోనే విదేశీ కందులకు తలుపులు తెరిచారు. 2024-25లో క్వింటాలుకు 7,550 రూపాయల మద్దతు ధర ప్రకటించినా, కొనే కేంద్రం సమయానికి తెరుచుకోకపోతే అది కాగితం మీది అంకె. రైతుకు కావలసినది తన పంటను కొనే ప్రభుత్వం.

2025 నవంబరు 3న చేవెళ్ల సమీపాన మీర్జాగూడ దగ్గర తాండూరు డిపో బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది ప్రాణాలు కోల్పోయారు. చదువులకూ కొలువులకూ బయలుదేరిన పిల్లలు అందులో ఉన్నారు. ఆ రహదారి విస్తరణ ఏళ్ల తరబడి సాగలేదు. ఆ కుటుంబాల ముందు నిలబడి 'ప్రభుత్వం తన పనులు ఇంకా తగ్గించుకోవాలి' అని ఎవరైనా అనగలరా? ప్రభుత్వం లేకపోవడమే అక్కడ ప్రాణాలు తీసింది.

మార్కెట్టు పేరిట రాజ్యం ఏం చేస్తుందో మణికొండ చెబుతుంది. వికారాబాద్ 2016 వరకు భాగంగా ఉన్న రంగారెడ్డి జిల్లాలో, హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలను, సంస్కరణల కాలపు ప్రభుత్వాలు సొంత భూమిగా భావించి బడా సంస్థలకు కేటాయించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది. తీర్పును శిరసావహిస్తూనే ఒక్క మాట అడుగుతాము. స్వేచ్ఛా మార్కెట్టు అని చెప్పిన చోట కంపెనీలకు భూమిని సమకూర్చినది ప్రభుత్వమే కదా? పేదవాడికి బడి కట్టేటప్పుడు తప్పుకోమనే సిద్ధాంతం, ధనవంతుడికి భూమి పంచేటప్పుడు ఎక్కడికి పోతుంది?

మనం చేయవలసినది

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోము. పార్టీలు మోసం చేశాయని రాజకీయాన్నే విడిచిపెట్టడం అటువంటిదే. నోటా 2013 నుంచి ఉంది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, దాని తరువాత నిలిచిన అభ్యర్థే గెలుస్తాడు. ఇంటి పట్టున ఉన్న ఓటుకు ఆ లెక్క కూడా లేదు.

కాబట్టి వికారాబాద్, తాండూరు మొహల్లాల పెద్దలకూ యువకులకూ మా విజ్ఞప్తి ఇది. ఈసారి ఓటు అడగవచ్చిన ప్రతి అభ్యర్థి ముందు రెండు కాగితాలు పెట్టండి. మొదటిది ప్రభుత్వం చేయకూడని పనులది. విచారణ పేరిట అక్రమ నిర్బంధం, వక్ఫ్ ఆస్తిలో చొరబాటు, ఒప్పుకోని రైతు నుంచి భూసేకరణ అందులో ఉండాలి. రెండోది ప్రభుత్వం చేసి తీరవలసిన పనులది. బడి, స్కాలర్‌షిప్పు, రోడ్డు, కంది కొనుగోలు, రాతి కార్మికుడి ఊపిరితిత్తులకు వైద్యం, అద్దె ఇంటిలోనూ ఉద్యోగంలోనూ వివక్షను నేరం చేసే చట్టం అందులో ఉండాలి. పార్టీ మారదలిస్తే ముందు రాజీనామా చేస్తానన్న మాట రెండింటి కిందా ఉండాలి. సంతకం చేసిన కాగితాన్ని మొహల్లా కమిటీ భద్రపరచాలి, ఏడాదికోసారి బహిరంగంగా చదివి వినిపించాలి. ఇది ముస్లింల కోసం మాత్రమే కాదు. లంబాడా తండా, దళితవాడ, కంది రైతు కూడా ఈ కాగితాల కింద మనతో కలిసి సంతకం చేయగలరు, చేయాలి. వక్ఫ్ పత్రాలను సరిచేసి నమోదు చేయించే బాధ్యత ముతవల్లీలది. వారిని నిలదీసే బాధ్యత జమాఅత్‌ది.

స్వేచ్ఛ కావాలి. దానిని ఎవరూ మనకు దానంగా ఇవ్వలేదు, రాజ్యాంగం హక్కుగా గుర్తించింది. అదే రాజ్యాంగం న్యాయాన్నీ సమానత్వాన్నీ స్వేచ్ఛ సరసన నిలిపింది. ఒకదాన్ని అమ్మి మరొకదాన్ని కొనుక్కోమని చెప్పలేదు. మన ఓటు ఒక అమానత్. దానిని మోసగాడి చేతిలో పెట్టడం ఎంత తప్పో, వీధిలో పారవేయడం అంత తప్పు. పార్టీని విడవండి, అవసరమైతే అన్ని పార్టీలనూ విడవండి. ప్రభుత్వం మనకు చెల్లించవలసిన బాకీని మాత్రం ఒక్క రూపాయి కూడా మాఫీ చేయకండి.